ఇరవై ఏడు పాయింట్ ఎనిమిది

కొత్త కాలు తొడుక్కుని లేచి నిలబడ్డ వనిత మొహం చూడగానే జిప్పోరాకి అనుమానం వచ్చింది. నొప్పి పుడితే ఎవరైనా మొహం చిట్లిస్తారు, అబ్బా అంటారు. వనిత ఏమీ అనలేదు. రెండు పక్కలా ఉన్న ఇనుప కడ్డీలను గట్టిగా పట్టుకుని, ఎదుటి గోడ వైపు చూస్తూ నిలబడింది. మెడ మీద నరం మాత్రం ఉబ్బింది.

"ఎట్లుంది వనితా?"

"మంచిగనే ఉందక్కా. నడుస్త."

"నడుస్తవు, నాకెర్కే. నొస్తుందా లేదా చెప్పు."

"కొత్త చెప్పు గూడ కరుస్తది గదా. అలవాటైతది."

కొన్ని అడుగులు వేసింది. కడ్డీల చివరికి చేరకముందే ఆగిపోయింది. జిప్పోరా స్టూలు జరిపి వనితని కూర్చోబెట్టి, కింద మోకాళ్ల మీద కూర్చుని ఆ కాలు విప్పింది. లోపలి మేజోడు తీసి చూస్తే మొండి కాలి కొస చుట్టూ ఎర్రటి వలయం. ఒకచోట నీటి పొక్కు లేవబోతోంది. పైన, మోకాలి దగ్గర మాత్రం చర్మం చెక్కుచెదరకుండా ఉంది.

వనిత ఆర్టీసీలో కండక్టరు. అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సు దిగి రోడ్డు దాటుతుంటే లారీ తగిలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. డిపోవాళ్లు మంచివాళ్లే, ఆఫీసులో కూర్చునే ఉద్యోగం ఇస్తామన్నారు. వనిత వద్దంది. బస్సులోనే పని చేస్తానని, కావాలంటే పరీక్ష పెట్టుకోమని కాగితం రాసిచ్చింది. ఆ ఫిట్‌నెస్ పరీక్ష వచ్చే నెలలోనే. అందుకే ఆమె నొప్పిని మింగుతోందని జిప్పోరాకి తెలుసు.

ముందడుగు కేంద్రం నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో, లాడ్జీల వెనక ఒక పాత మేడ మీద ఉంది. కాళ్లు పోయినవాళ్లకి అక్కడ కాళ్లు కడతారు. కృత్రిమ కాలులో అన్నిటికన్నా ముఖ్యం సాకెట్. మిగిలిన మొండి కాలు లోపలికి దూరే గిన్నెలాంటి భాగమది. అది కుదిరితే మనిషి నడుస్తాడు. కుదరకపోతే మిగతాదంతా ఎంత ఖరీదైనదైనా మంచం కింద పడి ఉంటుంది. కేంద్రంలో మామూలుగా ప్లాస్టర్ అచ్చు తీసి ప్లాస్టిక్ సాకెట్లు చేస్తారు. కానీ జర్మనీలో లైప్‌జిగ్ ఊరి పక్కనున్న ఒక చిన్న వర్క్‌షాపు, తేలికగా, గట్టిగా ఉండే కార్బన్ సాకెట్లు కొన్నిటిని ప్రతి ఏడూ ఉచితంగా చేసి పంపుతోంది. జిప్పోరా ఇక్కడ టేపుతో కొలిచి, రెండు ఊళ్లవాళ్లూ ఆన్‌లైన్‌లో పంచుకునే షీట్‌లో అంకెలు ఎక్కిస్తుంది. వాళ్లు అక్కడ యంత్రంతో అచ్చు చెక్కి సాకెట్ చేస్తారు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకే ఈ సాకెట్లు ఇప్పించాలని జిప్పోరా పట్టు. అలాగే వనిత పేరు చేరింది.

వనితని ఆటో ఎక్కించి వచ్చాక జిప్పోరా ఆ సాకెట్‌ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. మొండి కాలు వాచిందా అంటే, ఇవాళే మళ్లీ కొలిచింది, వాపు లేదు. తను కొలిచేటప్పుడే తప్పు చేసిందా? అది తేల్చుకోవడానికి ఒకటే దారి. సాకెట్ లోపల వాజలీన్ పూసి ప్లాస్టర్ కలిపి పోసింది. అది గట్టిపడేదాకా వేరే పని చూసుకుని, తర్వాత బోర్లించి తట్టింది. తెల్లటి దిమ్మ బయటికి జారింది. లోపల ఎంత చోటుందో ఆ దిమ్మే చెబుతుంది.

టేపు చుట్టి కొలవడం మొదలుపెట్టింది. మోకాలి కింద నుంచి కొస దాకా ఆరు చోట్ల కొలవాలి. పై మూడూ తను రాసినవే, ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. నాలుగోది 29.6 సెంటీమీటర్లు ఉండాలి. 29.1 ఉంది. ఐదోది 27.8కి 27.1. ఆరోది 26.4కి 26.

టేపు మళ్లీ చుట్టింది. అంతే వచ్చింది.

కేంద్రం పెద్ద హెర్బర్ట్ సార్ సికింద్రాబాద్‌ మనిషి. చేత్తో కాళ్లు చేసే రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నాడు. దిమ్మని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"కొద్దిగ టైటే గదమ్మా. లోపల జర అరగదీస్తే సరిపోతది."

"ఏడు మిల్లీమీటర్లు సార్. అంత అరగదీస్తే బొక్క పడ్తది. ప్లాస్టిక్ లెక్క వేడి చేసి సాగదీద్దామంటే కార్బన్ సాగదు."

"మరి కొలతల మనదే పొరపాటేమో."

"అయితే ఆరూ తప్పుండాలె. మూడు సరిగ్గ వచ్చి మూడు తప్పెట్ల వస్తయి?"

హెర్బర్ట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వాళ్లు ఉట్టిగ పంపుతున్నరు జిప్పోరా. మనం తప్పు పట్టినట్టు రాస్తే, వచ్చే ఏడు పంపుతరా? జర నిదానంగ పోదాం."

"నిదానంగ పోతే ఇంకో సాకెట్ గిట్లనే వస్తది సార్" అంది జిప్పోరా. గొంతు పెంచలేదు. దిమ్మ తీసుకుని బయటికి నడిచింది.

పక్క గదిలో శశికిరణ్ ఉంటాడు. కేంద్రం లెక్కలు, కంప్యూటర్లు అతని పని. వాళ్ల తాతగారి కాలంలోనే తెనాలి నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం. జిప్పోరా చెప్పిందంతా విని షీట్ తెరిచాడు. వనిత పేరున్న నిలువు వరస తెర మీదికి వచ్చింది. 34.2, 33.6, 31.9, 29.6, 27.8, 26.4.

"మీరు రాసినట్టే ఉన్నాయి కదక్కా. ఏమీ మారలేదు."

"ఔ, నేను రాసిందే ఉంది. మరి గాడ 27.1 ఎట్ల వచ్చింది?"

ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. కింద సందులో ఎవరో ఆటో తీయమని అరుస్తున్నారు. జిప్పోరా అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది. చదువుతూ ఒకచోట ఆగింది.

"శశీ, ఇవి చూడు. పై మూడు గడికి ఎడమ అంచుకున్నయి. కింది మూడు కుడి అంచుకున్నయి. ఎందుకట్ల?"

శశికిరణ్ ముందుకు వంగాడు. 27.8 ఉన్న గడి మీద నొక్కి, తెర పైభాగంలో ఉన్న పొడుగాటి పట్టీ వైపు చూశాడు. గడి లోపల అసలేముందో అక్కడ కనిపిస్తుంది. అక్కడ 27.08 అని, దాని పక్కన ఈ సంవత్సరం.

"అక్కా, ఇది అంకె కాదు" అన్నాడు నెమ్మదిగా. "తేదీ. ఆగస్టు ఇరవై ఏడు."

జిప్పోరాకి మొదట అర్థం కాలేదు. అతను కింది గడి నొక్కాడు. ఏప్రిల్ ఇరవై ఆరు. పై గడి నొక్కాడు. జూన్ ఇరవై తొమ్మిది. ఆ తర్వాత షీట్ సెట్టింగుల్లోకి వెళ్లాడు. ప్రాంతం అన్నచోట జర్మనీ అని ఉంది.

"పోయినేడాది షీట్ మనం చేసింది. ఈ ఏడు కొత్తది వాళ్లు తయారు చేసి పంపారు. వాళ్ల దేశంలో దశాంశానికి చుక్క పెట్టరక్కా, కామా పెడతారు. చుక్క తేదీలకి వాడతారు, రోజు చుక్క నెల. మీరు 27.8 అని కొట్టగానే షీట్ దాన్ని ఎనిమిదో నెల, ఇరవై ఏడో రోజు అనుకుంది. పైకి మాత్రం మీరు కొట్టినట్టే చూపిస్తోంది. అక్కడ వాళ్లు యంత్రానికి పంపేటప్పుడు నెలకి ముందు సున్నా చేరి ఉంటుంది. ఇరవై ఏడు పాయింట్ ఎనిమిది కాస్తా ఇరవై ఏడు పాయింట్ సున్నా ఎనిమిది అయింది."

"మరి 34.2 ఎందుకు కాలె?"

"నెలకి ముప్పై నాలుగు రోజులుండవు కదా. సెప్టెంబరుకి ముప్పై ఒకటో తేదీ కూడా లేదు. తేదీ చేయడం కుదరక దాన్ని ఉత్త అక్షరాల్లా వదిలేసింది. అందుకే అది ఎడమ పక్కకి పోయింది. అక్కడివాళ్లు దాన్ని చూసి మామూలుగానే చదువుకున్నారు."

జిప్పోరా కుర్చీలో వెనక్కి వాలింది. మొండి కాలు పైన లావుగా ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. ముప్పైకి పైనున్న కొలతలన్నీ నిలిచాయి. కిందివన్నీ బిగుసుకుపోయాయి. సరిగ్గా మనిషి బరువు మోసినప్పుడు ఒరుసుకునే చోటే.

"ఆగు. సెట్టింగ్ మార్చకు" అంది, శశికిరణ్ చేయి మౌస్ మీదికి వెళ్లడం చూసి. "మారిస్తే ఇవి బాగైతయా?"

"కావు. తేదీ అయిపోయినవి తేదీలుగానే ఉంటాయి. మళ్లీ కొట్టాల్సిందే."

"అయితే ముందు ఎవరెవరివి పోయినయో చూద్దాం. షీట్ ఇట్లనే ఉండనీ. వాళ్లకి చూపియ్యాలె."

అప్పటికి లైప్‌జిగ్‌లో తెల్లవారి పనివేళ అయింది. జిప్పోరా హెర్బర్ట్ గదికి వెళ్లి, ఫోను చేస్తున్నానని మాత్రం చెప్పింది, అనుమతి అడగలేదు. ఆయన ఒక్క క్షణం చూసి, కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

అక్కడ వర్క్‌షాపు చూసే ఉల్రికేతో జిప్పోరా మాట్లాడటం కొత్త కాదు. ఇద్దరిదీ అతుకుల ఇంగ్లీషే. వెనక ఏదో యంత్రం సన్నగా గీపెడుతోంది.

"మీ షీట్‌లో ఉన్న అంకెలే మా యంత్రానికి వెళ్తాయి" అంది ఉల్రికే. "మేము ఒక్క అంకె కూడా చేత్తో మార్చం. సాకెట్ బిగుతుగా ఉంటే కొలత మళ్లీ చూసుకోండి."

"చూసుకున్నాను. మీ యంత్రానికి వెళ్లిన ఫైలు తెరవండి. వనిత పేరు దగ్గర ఐదో కొలత నాకు చదివి వినిపించండి."

"ఇరవై ఏడు కామా సున్నా ఎనిమిది."

"నేను రాసింది ఇరవై ఏడు పాయింట్ ఎనిమిది. సున్నా లేదు. ఇప్పుడు షీట్‌లో ఆ గడి మీద నొక్కండి."

అవతల మౌస్ చప్పుడు. ఉల్రికే వెనక్కి తిరిగి జర్మన్‌లో ఎవరితోనో గట్టిగా ఒక మాట అంది. గీపెడుతున్న యంత్రం ఆగిపోయింది.

"ఆపేశాను" అంది మళ్లీ ఫోనులోకి వచ్చి. "ఇప్పుడు చెక్కుతున్నది కూడా మీ వాళ్లదే. కొత్తగా చేరినతను ఆ కాలమ్ అంతా ఒకేలా రెండంకెలు కనబడేలా సర్ది ఫైలు తీశాడు. నేనే చూసి సంతకం పెట్టాను. నాకు ఏ తేడా కనబడలేదు."

"నాకూ కనబడలేదు. అంకెలు కుడికీ ఎడమకీ ఉండడం రోజూ చూస్తూనే ఉన్నాను" అంది జిప్పోరా. "అది తర్వాత చూద్దాం. పంపేసినవి ఎవరెవరివో చెప్పండి."

పంపేసినవి రెండే. ఒకటి వనితది. ఇంకొకటి శ్రీరామమూర్తిది.

శ్రీరామమూర్తి పోయిన నెల వచ్చి కాలు తీసుకెళ్లాడు. మనిషి సౌమ్యుడు. షుగర్ వల్ల కాలు పోయింది. ఆ రోజు తొడుక్కుని, బాగుందమ్మా, చాలా బాగుందని రెండుసార్లు దండం పెట్టి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఇప్పుడు ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదని వచ్చింది. ఇంటి చిరునామా దగ్గర కిరాయి ఇల్లు మారిపోయాడన్నారు. ఆదివారాలు అబిడ్స్‌లో పొద్దంతా నిలబడి పాత పుస్తకాలు అమ్ముతానని ఆయన ఒకసారి అనడం జిప్పోరాకి గుర్తుంది. షుగర్ ఉన్న మనిషి, బిగుతు సాకెట్. ఆ ఆదివారం దాకా ఆమెకి అన్నం సరిగ్గా సహించలేదు.

ఆదివారం పొద్దున్నే చర్చిలో ఆరాధనకి వెళ్లకుండా అబిడ్స్‌లో దిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అలా మానడం అరుదు. దుకాణాలు మూసి ఉన్నాయి. వాటి షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు పరిచి ఉన్నాయి, ఇంజినీరింగ్ గైడ్లు, పాత వారపత్రికలు, అట్టలు ఊడిన నిఘంటువులు. పోస్టాఫీసు దాకా ఒక పక్క, తిరిగి వస్తూ రెండో పక్క వెతికింది. కాలు లేని పెద్దాయన అని అడిగితే ఒకతను చేయి చూపించాడు.

శ్రీరామమూర్తి ఒక చెప్పుల షాపు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాలు తొడుక్కునే ఉన్నాడు, పంచె కిందికి జార్చి. జిప్పోరాని చూసి లేవబోయాడు.

"లేవకుండ్రి సార్. కాలు చూపియ్యుండ్రి."

"బాగానే ఉందమ్మా. మీరు ఇంత దూరం..."

"చూపియ్యుండ్రి."

ఆయన చుట్టూ చూసి, సిగ్గుపడుతూ పంచె పైకి తీశాడు. జిప్పోరా అక్కడే మెట్టు కింద కూర్చుని సాకెట్ విప్పింది. బిగుతుకి లోపల మేజోడు తీసేసి, పల్చటి గుడ్డ చుట్టుకుని దూరుస్తున్నాడు. కొస దగ్గర రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ చర్మం నల్లబడుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి వారం నుంచే కొంచెం..."

"నాకెందుకు చెప్పలే?"

ఆయన ఎదురుగా పరిచిన పుస్తకాల వైపు చూశాడు. "ఊరికే ఇచ్చారు. ఎక్కడి దేశంలోనో ఎవరో నా కోసం చేసి పంపారు. అలాంటిదానికి వంకలు పెట్టడం మర్యాద కాదనుకున్నానమ్మా. నా కాలే దానికి తగ్గట్టు సర్దుకుంటుందిలే అనుకున్నాను."

జిప్పోరాకి కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. అంత పెద్ద మనిషి, ఒక యంత్రం ఒక చుక్కని తప్పుగా చదివినందుకు తన ఒంటినే తప్పు పట్టుకున్నాడు.

"సాకెట్ తప్పుగ వచ్చింది సార్. మా షీట్‌ల అంకెలు చెడిపోయినయి. మీ కాలు తప్పేం లేదు. ఇగ మీదట నొస్తే మీరు చెప్పాలె. మీరు చెప్పకుంటే మాకు తెలిసే దారి లేదు."

పక్క అమ్మకందారుకి పుస్తకాలు అప్పగించి, ఆయన్ని ఆటోలో దవాఖానకి తీసుకెళ్లింది. పుండు ఎముక దాకా పోలేదని, ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ అంది. కట్టు కట్టించి, ఆయన కొత్త ఇంటి చిరునామా, పక్కింటివాళ్ల ఫోను నంబరు రాసుకుని, చేతికర్రలు ఇచ్చి దింపి వచ్చింది.

సోమవారం ఆమె వచ్చేసరికి హెర్బర్ట్ సార్ చొక్కా చేతులు మడిచి, ప్లాస్టర్ గదిలో బకెట్ కడుగుతున్నాడు. శ్రీరామమూర్తి సంగతి శశికిరణ్ చెప్పినట్టున్నాడు.

"వనితని పిలువు" అన్నాడు. "కార్బన్ కాలు మళ్లొచ్చేదాక పరీక్ష ఆగదు. చేత్తో చేద్దాం. నా చేతులింకా మర్చిపోలేదు."

పొక్కు మానేదాకా వనితని కాలు తొడగనివ్వలేదు. ఆమె రోజూ ఫోను చేసి, ఇవాళ రానా అని అడిగేది. మానిన మర్నాడే అచ్చు తీశారు. హెర్బర్ట్ మొండి కాలు చుట్టూ తడి కట్టు చుడుతుంటే జిప్పోరా ఎముక ఎక్కడ తగులుతుందో వేళ్లతో నొక్కి గుర్తు పెట్టింది. ప్లాస్టిక్ షీట్‌ని పొయ్యిలో మెత్తబరిచి అచ్చు మీద లాగారు. చూడ్డానికి కార్బన్ దానిలా నల్లగా నిగనిగలాడదు, బరువు కూడా. వనిత తొడుక్కుని, కడ్డీలు వదిలేసి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది.

"నొస్తుందా?" అంది జిప్పోరా.

వనిత నోరు తెరిచి, మళ్లీ ఆలోచించుకుంది. "లోపలి దిక్కు, మోకాలు కింద జర ఒత్తుతుంది."

"శెభాష్" అన్నాడు హెర్బర్ట్, ఆకురాయి అందుకుంటూ.

ఆ తర్వాత రోజూ ఆ మేడ మెట్ల మీద వనిత చప్పుడే. ఎక్కడం, దిగడం, సంచీ భుజాన వేసుకుని ఎక్కడం, ఏమీ పట్టుకోకుండా మలుపు తిరగడం. లాడ్జీలో దిగినవాళ్లు కిటికీల్లోంచి చూసేవాళ్లు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు.

ఈలోగా షీట్ సంగతి తేల్చాలి. ఉల్రికే క్షమాపణ రాసి, షీట్‌లో ప్రాంతాన్ని ఇండియాకి మార్చేస్తామంది. దాంతో అయిపోయిందని శశికిరణ్ కూడా అన్నాడు. జిప్పోరా ఒప్పుకోలేదు. ఇవాళ మారుస్తారు, వచ్చే ఏడు ఎవరో కొత్త ఫైలు తెరుస్తారు, మళ్లీ ఇదే కథ. అప్పుడు వాళ్లు కామా కొడితే ఇక్కడ ఏమవుతుందో ఎవరు చూశారు?

"చుక్కా వద్దు, కామా వద్దు" అంది వీడియోలో. "టేపు మీద మిల్లీమీటర్లున్నాయి కదా. 27.8 కాదు, 278 అని రాద్దాం. రెండు వందల డెబ్బై ఎనిమిది మీ దగ్గరైనా అంతే, మా దగ్గరైనా అంతే."

ఉల్రికే కాగితం మీద రాసుకుని చూసింది. తర్వాత పక్కనున్న, కొత్తగా చేరిన ఆ కుర్రాడి వైపు కాగితం జరిపింది. అతనూ తలూపాడు.

శశికిరణ్ ఆ గడుల్లో మిల్లీమీటర్లు తప్ప ఇంకేది కొట్టినా ఎర్రబడి, తీసుకోకుండా తిప్పికొట్టేలా చేశాడు. ఇంకొకటి కూడా పెట్టించింది జిప్పోరా. చెక్కేముందు అక్కడివాళ్లు ఫోను చేసి కొలతలు పైకి చదవాలి, ఇక్కడ ఆమె రాసుకున్న వాటితో సరిచూడాలి. టైము వృథా కాదా అని ఉల్రికే అడిగితే, శ్రీరామమూర్తి పుండు ఫోటో పంపింది. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

పరీక్ష రోజు జిప్పోరా వెంట వెళ్లలేదు. వనితే వద్దంది. సాయంత్రం లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర ఉన్నానంటూ ఫోను చేసింది. వెనక హారన్ల మోత.

"కదిలే బండిల నిలబెట్టిన్రక్కా. బ్రేక్ కొట్టిన్రు, పడలే. డాక్టర్ సారు మెట్లు ఇంకోసారి ఎక్కమంటే మూడుసార్లు ఎక్కిన."

"ఏమన్నరు మరి?"

"సిటీ రూట్లే ఇస్తరంట. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలంట." ఎవరినో జరగమని మళ్లీ అందుకుంది. "చూపించుకుంట. నాకేం ఫికర్ లేదు."

శ్రీరామమూర్తి పుండు మానడానికి వర్షాకాలమంతా పట్టింది. కొత్త సాకెట్ వచ్చినప్పుడు ఆయన తొడుక్కుని, కాసేపు నడిచి, వెనక పక్క అంచు కొంచెం గుచ్చుకుంటోందమ్మా అన్నాడు, తల వంచుకునే అన్నాడు గానీ అన్నాడు. జిప్పోరా ఆ అంచుని అక్కడికక్కడే అరగదీసింది.

తర్వాత ఒకనాటి పొద్దున నాంపల్లి స్టేషన్ దగ్గర దిగడానికి జిప్పోరా బస్సెక్కింది. ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం, కాలు మోపే చోటు లేదు. ముందు తలుపు దగ్గర నుంచి జనాన్ని తోసుకుంటూ, ఎవరి మీదా చేయి ఆనించకుండా వనిత వచ్చింది. టికెట్ మిషన్ ఒక చేత, కొత్త కార్బన్ కాలు ఖాకీ ప్యాంటు కింద. బస్సు మలుపు తిరిగింది. పట్టుకోని మనుషులంతా ఒక పక్కకి ఒరిగారు. వనిత ఒరగలేదు.

జిప్పోరాకి ఎదురుగా వచ్చి ఆగింది వనిత. మొహంలో నవ్వు ఏమాత్రం లేదు.

"ఆధార్ చూపియ్ అక్కా. లేకుంటే జీరో టికెట్ ఇయ్య."

జిప్పోరా సంచీలో కార్డు వెతుక్కోసాగింది. వనిత ఓపిగ్గా, రెండు కాళ్ల మీద నిలబడి ఎదురుచూసింది.